యలహంకవాసి ఫిర్యాదు

సాయంత్రానికి గేటు మూసేస్తారు. ఆలోపు ప్యాకేజీ ఎక్కకపోతే మళ్ళీ ఆరు నెలల దాకా దాని మొహం చూసేవాడుండడు. కౌశల్‌కి పొద్దుటి నుంచీ ప్రాణం కొట్టుకుంటోంది.

లినక్స్ సంగతి తెలిసిందే, ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికేదాన్ని జీతం లేకుండా మోసే పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, తలా ఒక ముక్క. కౌశల్ వంతుకొచ్చిన ముక్క టచ్‌ప్యాడ్. లాప్‌టాప్ మీద వేలు జరిపితే తెర మీద బాణం జరగాలి, అంతే. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని తమ డిస్ట్రోకి, అంటే తమ బృందం పంచిపెట్టే లినక్స్ రకానికి, సరిపడేలా ప్యాకేజీ కట్టిపెట్టాలి. బెంగళూరు యలహంకలో అద్దింట్లో కూర్చుని ఏళ్ళుగా అదే చేస్తున్నాడు.

ఇప్పుడున్న వెర్షన్‌కి ఒక జబ్బు. కాస్త వెడల్పుగా ఏది తగిలినా, అరచెయ్యి పొరపాటున ఆనిందనుకుని పట్టించుకోదు. దాని మీద వచ్చింది ఒకే ఒక్క ఫిర్యాదు. పెట్టినవాడు పేరు కూడా చెప్పలేదు, ‘యలహంకవాసి’ అట. తను ఎంత జరిపినా బాణం కదలడం లేదనీ, సోమవారం మళ్ళీ ఉద్యోగంలో చేరాలనీ, ఆఫీసు లాప్‌టాప్‌లో డిస్ట్రో ఇచ్చిన ప్యాకేజీ తప్ప బయటిది ఎక్కించనివ్వరనీ రాశాడు. జబ్బు నయం చేసే కొత్త వెర్షన్ వచ్చే ఉంది. కట్టి ఎక్కించడమే తరువాయి.

ఎక్కించాలంటే ఫయాజ్ ఊ అనాలి. నగరానికి అటు చివర బొమ్మసంద్రలో ఏదో ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఇక్కడ ఆరు నెలలకోసారి విడుదలయ్యే డిస్ట్రోకి గేటు కాపలా. ఇద్దరిదీ ఫోన్లోనూ చాట్‌లోనూ పెరిగిన స్నేహం, ఎన్నడూ ఎదురుపడింది లేదు. మంచివాడే గానీ రూలు దగ్గర రాయి.

"ఇన్ని నెలలు మాయమైపోయి, వచ్చీరాగానే అర్జెంటంటావు. ఒక్కని కోసం డిస్ట్రో కదలదప్పా. ఈ మాట నాది కాదు, నువ్వే రాసినావు," అన్నాడు స్పీకర్ ఫోన్లో.

నిజమే, రాశాడు. అప్పుడెవరో ఇలాగే కాళ్ళావేళ్ళా పడితే, గొప్పగా ఆ వాక్యం రాసి తలుపేశాడు. ఇప్పుడది వచ్చి తన మొహానికే కొట్టింది.

"ఉద్యోగం పోతుంది ఫయాజ్ ఆ మనిషికి. ఇంకోటి దొరకదు."

"నువ్వు చూసినావా ఆయప్పని? మీ ఊరే కదా."

"రోజూ చూస్తున్నా."

ఫయాజ్ నసిగి నసిగి చివరికి ఒక మెట్టు దిగాడు. ప్యాకేజీ కట్టి పరీక్షకు పెట్టమన్నాడు. ఫిర్యాదు చేసినవాడే దాన్ని తన లాప్‌టాప్‌లో ఎక్కించుకుని, ఫిర్యాదులుండే బగ్ పేజీలో ‘పనిచేస్తోంది’ అని స్వయంగా రాస్తే గేటు తీస్తానన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది గోల. కౌశల్ చెబుతుంటే అతని భార్య హరిణి టకటకా టైపు చేసింది. ఆమె సెలవు ఇవాళ్టితో సరి, సోమవారం నుంచి ఆమె ఆఫీసు ఆమెది. మొదటిసారి కట్టిన ప్యాకేజీ మధ్యలోనే చచ్చింది. రెండోది బాణాన్ని తెర మూలకి విసిరికొట్టింది. మునుపెప్పుడో అతుకేసిన పాత ప్యాచ్ ఒకటి ఎక్కడో మిగిలిపోయి ఈ కొంప ముంచుతోందని కౌశల్ కనిపెట్టి, పీకెయ్యమన్నాడు. కాఫీ బల్ల మీదే మీగడ కట్టింది. చెమట కంట్లోకి దిగి మండుతున్నా తెర మీంచి చూపు తిప్పలేదు. కొరియర్ వాడు బెల్లు కొట్టి కొట్టి విసిగిపోయాడు, హరిణి లేచి వెళ్ళేదాకా తలుపు తెరుచుకోలేదు.

కిటికీలో వెలుతురు పల్చబడింది. ఫయాజ్ మళ్ళీ ఫోన్ చేసి, ఇంక మూసేయాలి అన్నాడు. కాస్త ఆగమని చెప్పి హరిణి ఫోన్ మ్యూట్ చేసింది. కౌశల్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. మగవాణ్ణని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. కన్నీళ్ళు తుడుచుకోనైనా లేదు.

అప్పుడు పూర్తయింది ప్యాకేజీ.

"ఆ యలహంకవాసి పేరుతో నేనే కొట్టేస్తా," అంది హరిణి. "ఒక్క మాటేగా, ఎవరికి తెలుస్తుంది?"

"వద్దు."

"పోనీ ఫయాజ్‌కి ఉన్నదున్నట్టు చెప్పెయ్. మారుమాట లేకుండా తీస్తాడు."

"అందుకే చెప్పను. జాలిపడి తీసిన గేటు ఇంకొకడికి తెరుచుకోదు. పనిచేసింది కాబట్టి తీయాలి."

మొండిఘటం. హరిణికి ఒళ్ళు మండింది. ఫోన్ మ్యూట్ తీసింది. లాప్‌టాప్‌లో కొత్త ప్యాకేజీ ఎక్కించి, దాన్ని బల్ల మీంచి తీసుకెళ్ళి నేల మీద పెట్టి, నీ ఇష్టం అన్నట్టు గోడకి ఆనుకుని నిలబడింది.

గదిలో ఫ్యాన్ చప్పుడు ఒక్కటే. అవతల ఫయాజ్ బగ్ పేజీ తెరుచుకుని కూర్చున్నాడు. ఇంకో ఐదు నిమిషాలు చూస్తానన్నాడు. ఆ ఐదూ అయిపోయాయి. గొంతు సవరించుకున్నాడు, పోన్లే అని మళ్ళీ ఆగాడు.

"వచ్చిందప్పా," అన్నాడు ఉన్నట్టుండి. "పనిచేస్తోంది అని ఉండాది. తీసినాను పో గేటు." క్షణం ఆగి అడిగాడు. "అయినా ఒక్క మాట కొట్టేదానికి ఎందుకప్పా ఆయప్పకి ఇంతసేపు?"

బాణంతో తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే నొక్కిన కౌశల్, టచ్‌ప్యాడ్ మీంచి కుడికాలి బొటనవేలు తీశాడు. అతని ఖాళీ చొక్కా చేతులు రెండూ ఫ్యాన్ గాలికి ఊగుతుంటే, హరిణి వచ్చి అతని కళ్ళు తుడిచింది.