ఆయన్ని మాట్లాడనివ్వండి

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది పడేలోగా టీచరమ్మ కళ్ళజోడు తీసి సంచీలో పడేసింది. అప్పటికే అలవాటైపోయింది.

"పేర్లు చెప్పు!" పెద్దాయన ఆమె జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. "నీతో ఇంకెవరున్నారు?"

ఒకప్పుడు పోలీసు అధికారి. అల్జీమర్స్ వచ్చి మూడేళ్ళయింది. కూతురి పేరు మరచిపోయాడు. అన్నం తిన్న సంగతి పది నిమిషాలు గుర్తుండదు. చేతుల్లో బలం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ పడగ్గది ఆయనకింకా స్టేషనే. లోపలికి అడుగుపెట్టినవాళ్ళంతా ముద్దాయిలే.

ఇలాంటి రోగులకు సాయపడే సంఘం ఆ ఇంటికి అంతకుముందు నలుగురు వాలంటీర్లను పంపింది. ఒకాయన పన్ను ఊడింది. ఒకావిడ మణికట్టు విరిగింది. మిగతా ఇద్దరూ గుమ్మంలోంచే దండం పెట్టి వెళ్ళిపోయారు. టీచరమ్మ మాత్రం అడిగి మరీ ఆ ఇంటికే వేయించుకుంది. వారానికి రెండు సాయంత్రాలు, ఏడు నెలలుగా వస్తోంది. మర్నాడు కమిలిన మొహంతోనే బడిలో లెక్కలు చెబుతుంది. పిల్లలు ఆమెకు 'బాక్సింగ్ టీచర్' అని పేరు పెట్టుకున్నారు.

డాక్టరు మత్తుమందు పెంచుతానంటే ఆమే అడ్డుపడింది.

"మాత్రలేసి మంచానికి అతికించేస్తారా? మనిషండీ ఆయన! మాట్లాడనివ్వండి."

కూతురు విసిగిపోయి కుర్చీకి కట్టేద్దామని తాడు తెస్తే, లాక్కుని కిటికీలోంచి విసిరేసింది. డాక్టరుతో అన్న మాటలే సంఘం సభలో మైకు ముందు అంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ రోజు పెద్దాయన మరీ రెచ్చిపోయాడు. చేతికర్ర అందుకున్నాడు. భుజం మీద ఒకటి, మోకాలి మీద ఒకటి. ఆమె కూలబడింది. డొక్కలో తన్నాడు. పెదవి చిట్లి నెత్తురు గచ్చు మీద పడింది.

"ఇంతకుముందు వాడూ ఇలాగే నోరు విప్పలేదు!" ఆయన మళ్ళీ కర్ర ఎత్తాడు.

రోగి మాటను కాదనకూడదనీ, అతని లోకంలోకి మనమే వెళ్ళాలనీ సంఘం శిక్షణలో నేర్పారు.

"తర్వాత ఏం చేశారు సార్?" నెత్తురు మింగుతూ అడిగింది.

కర్ర గాల్లోనే ఆగింది. పెద్దాయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కర్ర వదిలేసి పక్కనే చతికిలబడ్డాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గుసగుసలాడాడు. చెబుతూ చెబుతూ భోరుమన్నాడు. ఆమె చెయ్యి ఆయన వీపు మీద కదులుతూనే ఉంది.

తలుపు తీసిన కూతురు కొయ్యబారిపోయింది.

"అయ్యో అక్కా! ఏంటీ నెత్తురు? మీకు పుణ్యముంటుంది, ఇక రాకండి. కన్నకూతుర్ని, నాకే ఓపిక చచ్చిపోయింది. మీకెందుకు చెప్పండీ ఖర్మ?"

"సరే చెల్లీ, ఇక రానులే."

ఏడు నెలల్లో ఆ మాటకు ఆమె ఒప్పుకోవడం అదే మొదలు.

"నాన్న ఏమంటున్నారు?"

"ఏవో పాత సంగతులు."

మొహం కడుక్కుంది. కళ్ళజోడు పెట్టుకుంది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. వీధి మలుపు తిరిగాక ఇంటికి ఫోన్ చేసింది.

"అన్నయ్యని చంపి ఎక్కడ పాతిపెట్టాడో చెప్పేశాడమ్మా."