ఇన్సులిన్ సంచి

"సూదులు లోపలికి రావు. అదిగో, ఆ డబ్బాలో పడేయండి," అన్నాడు విమానాశ్రయంలో సామాన్లు తనిఖీ చేసే ఉద్యోగి.

కండక్టరమ్మ కదల్లేదు. ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. యంత్రంలోంచి బయటికొచ్చిన ట్రేలో ఆవిడ నీలం సంచి నోరు తెరుచుకుని ఉంది. లోపల నాలుగు ఇన్సులిన్ సీసాలు, సూదుల పొట్లం, చల్లగా ఉంచడానికి ఐసు ప్యాకు.

"పడేస్తే అన్నానికి ముందు ఏం పొడుచుకోమంటావు నాయనా, నీ పెన్నా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉద్యోగి మొహం కందగడ్డ అయింది.

"అయితే వెనక్కెళ్లి లగేజీలో వేసి రండి."

"లగేజీలో పడి గడ్డకట్టిందా, ఇది మందు కాదు, ఉత్త నీళ్లు. ఇదిగో డాక్టరు చీటీ. దీని మీద పేరూ, నా కార్డు మీద పేరూ ఒకటే. చదువు."

"చదివే టైము లేదమ్మా. వెనక ఎంతమంది ఉన్నారో చూడండి."

"చూశాను. పండక్కి నా బస్సులో ఇంతకు రెండింతలుండేవాళ్లు. నువ్వు చదివేదాకా నేను కదలను."

ట్రే అంచు రెండు చేతులా పట్టుకుంది. బెల్టు ఆగింది. గొణుగుళ్లు మొదలయ్యాయి. ఆవిడ పట్టు సడల్లేదు.

చివరికి పై అధికారిణి వచ్చింది. చీటీ చదివి, సీసాలు తిప్పి చూసింది.

"ఇవి పంపాల్సినవే. వదిలెయ్," అంది ఉద్యోగితో.

"నోటిమాట చాలదమ్మా. డాక్టరు చీటీ ఉన్నవాళ్లెవరైనా మందూ సూదులూ చేతిసంచిలో తీసుకెళ్లొచ్చని రాసివ్వండి. కింద సంతకం, స్టాంపు."

ఆమె విసుక్కుంటూనే రాసిచ్చింది. ఈలోగా మైకులో ఆఖరి పిలుపు వినిపించింది.

"పరుగెత్తండమ్మా, గేటు మూసేస్తారు!"

కండక్టరమ్మ కాగితం నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. సంచి భుజాన వేసుకుని, వచ్చిన దారినే బయటికి నడిచింది.

"అటు కాదమ్మా, విమానం ఇటు!" అని అరిచాడు ఉద్యోగి.

"నేనెక్కడికీ పోవట్లేదు. ఈ టిక్కెట్టు కొన్నదే ఈ కాగితం కోసం. పోయినసారి మీరు పారేయమనగానే మా అమ్మాయి కిక్కురుమనకుండా పారేసి, అక్కడ దిగేసరికి స్పృహ తప్పి పడింది. వచ్చేవారం అది మళ్లీ ఒక్కతే వెళ్లాలి. నా జబ్బయితే దానికి వచ్చింది గానీ, నా నోరు రాలేదు!"