నోరు మూసుకున్న అరగంట

పార్లర్ గాజు తలుపు తోసుకుని ఆమె లోపలికి అడుగు పెట్టింది.

అదే షాంపూ వాసన. అవే నిలువెత్తు అద్దాలు. కిటికీ పక్కన ఒకప్పుడు తను పనిచేసిన కుర్చీ, ఖాళీగా.

"వాగుడుకాయ వచ్చిందర్రా" అని కేకేసింది పాత స్నేహితురాలు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ పేరు ఊరికే రాలేదు.

నిరుడు ఒక కస్టమర్‌ని తీసుకెళ్ళడానికి ఆవిడ భర్త వచ్చాడు. "ఈసారి తెల్లవెంట్రుకలు కాస్త ఎక్కువయ్యాయండీ, రంగు రెండోసారి వెయ్యాల్సొచ్చింది" అని తను ఆయనతో చెప్పేసింది.

భార్యకు తెల్లవెంట్రుకలు ఉన్నాయన్న సంగతే ఆయనకు తెలియదు.

సాయంత్రానికల్లా ఆమె ఉద్యోగం ఊడింది.

ఇప్పుడు మళ్ళీ ఆ కుర్చీ దగ్గరికి మనిషి కావాలని తెలిసి, ధైర్యం చేసి ఫోన్ చేసింది.

"రా చూద్దాం. మాటైతే ఇవ్వను" అంది యజమానురాలు. "ఇంకొకావిడ కూడా ఫోన్ చేసింది. ఇద్దరూ జుట్టు కత్తిరించి చూపించాలి. కూర్చోబెట్టే మనిషిని మీరే తెచ్చుకోవాలి."

బయల్దేరుతుంటే కూతురు చెప్పింది. "అమ్మా, అడిగినదానికే జవాబు చెప్పు."

"అందులో కూడా సగమే చెప్పు" అన్నాడు భర్త.

సరేనంది. పార్లర్ బెంచీ మీద కూర్చునేదాకా ఆ మాట మీదే ఉంది.

పక్కన ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. నడుము దాటిన జడ.

"పొద్దుట్నుంచీ కాళ్ళు నేల మీద నిలవడం లేదండీ" అని మొదలుపెట్టింది ఆమె. ఇక ఆగలేదు. తెల్లవెంట్రుకల కథ వినేసరికి జడావిడకి నవ్వాపుకోలేక కళ్ళనీళ్ళొచ్చాయి.

"మరి ఈ ఏడాదంతా ఏం చేశారు?"

"ఇంటి వరండాలో కత్తిరించాను. మా వీధిలో పిల్లల తలలన్నీ నావే. కానీ ఇక్కడి సంబరం వేరండీ. కుర్చీలోంచి లేచిన మనిషి అద్దంలో చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటుందే, దాని కోసం మొహం వాచిపోయి ఉన్నాను."

జడావిడ నవ్వు ఆపి ఆమె వైపు చూసింది.

"అవును. ఆ నవ్వు కోసమే" అంది మెల్లగా.

అంతలో ఆమె ఫోన్ మోగింది. కత్తిరింపుకు కూర్చుంటానని మాటిచ్చిన ఆడపడుచు.

"వదినా, నేను రావడం లేదు. నా జుట్టు మీద నీ పరీక్షలేంటి?"

"తల్లీ, కొంప ముంచకే. పది నిమిషాల్లో..."

ఫోన్ పెట్టేసింది అవతల.

సరిగ్గా అప్పుడే యజమానురాలు బయటికొచ్చింది. "రా. నీ మనిషి ఏదీ?"

ఆమె ఫోన్ వంక చూసింది, గుమ్మం వంక చూసింది.

"నేనేనండీ" అని లేచింది జడావిడ.

కుర్చీ దగ్గరికి వెళ్ళాక యజమానురాలు చెయ్యెత్తి ఆపింది.

"ఒకటే షరతు. పని అయ్యేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు."

స్నేహితురాళ్ళు కిసుక్కుమన్నారు. "ఊపిరాడక పోతుందేమో మేడమ్" అంది ఒకతి.

ఆమె ఆవిడ జడ చివర పట్టుకుని, ఎంత అన్నట్టు కళ్ళెగరేసింది.

"భుజాల దాకా" అంది ఆవిడ.

 ఆమె నిజంగానా అన్నట్టు మళ్ళీ చూసింది.

"కానివ్వండి."

మొదటిసారి కత్తెర వేసేముందు రెండుసార్లు కొలత చూసుకుంది. తరవాత చుట్టూ ఉన్నవాళ్ళ సంగతే మర్చిపోయింది. దువ్వెన, కత్తెర, వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. నాలుక చివర ప్రశ్నలు తోసుకొస్తున్నాయి. మీరెవరు? ఇంత జుట్టు నా కోసం ఎందుకు ఇస్తున్నారు? పెదవి కొరుక్కుని అన్నీ మింగేసింది.

చివరికి మెడ మీద పడ్డ వెంట్రుకలు దులిపి, వెనక్కి జరిగింది.

ఆవిడ అద్దంలో చూసుకుంది. తల ఇటు తిప్పింది. అటు తిప్పింది. ముసిముసిగా నవ్వుకుంది.

యజమానురాలు దువ్వెనతో అంచులన్నీ ఎత్తి చూసింది. "ఎలా ఉందండీ?" అని ఆవిడనే అడిగింది.

"ఈ చేతిని మళ్ళీ వదులుకోకండి మేడమ్."

అంతే అంది. సంచీ తీసుకుని, ఆమె మణికట్టు ఒకసారి గట్టిగా నొక్కి బయటికి నడిచింది.

యజమానురాలు కిందపడ్డ జుట్టు వైపు కాసేపు చూసింది. "సరే. రేపట్నుంచి రా."

"ఇక మాట్లాడొచ్చా మేడమ్?"

"వద్దంటే ఆగుతావా?"

పార్లరంతా గోలగోలైపోయింది. ఒకతి వాటేసుకుంది, ఇంకొకతి చప్పట్లు కొట్టింది. ఆమె ఇంటికి ఫోన్ చేసి సగం నవ్వుతూ, సగం ఏడుస్తూ చెప్పింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు వీధిలోకి పరిగెత్తింది.

అటు చూసింది. ఇటు చూసింది. జనం వస్తున్నారు, పోతున్నారు. ఆవిడ లేదు.

పార్లర్‌కొచ్చిన ప్రతి మనిషి పుట్టుపూర్వోత్తరాలూ అడిగే తాను, ఆవిడ పేరైనా అడగలేదు.

ఉసూరుమంటూ లోపలికి వచ్చేసరికి, యజమానురాలు కౌంటర్ దగ్గరి అమ్మాయితో అంటోంది. "ఇంతకీ ఆ రెండో ఆవిడ రానేలేదు. పాపం, ఇక రావద్దని ఫోన్ చేసి చెప్పు."

ఆ అమ్మాయి ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"వచ్చింది మేడమ్. తన మనిషి దారిలో ఉందని చెప్పి, అందరికంటే ముందే బెంచీ మీద కూర్చుంది. ఇందాక మీరు బయటికొచ్చినప్పుడు నేను మీతో చెప్పబోతే వద్దని సైగ చేసింది."

"మరి ఏదీ?"

"ఇందాక జడ కత్తిరించుకుని వెళ్ళింది ఆవిడే."