పుట్టలో గొంతు

సకల జనుల సమ్మె రోజులు. సిద్దిపేట పార్కులో కరెంటు లేదు. చెదల బతుకు చూపించాలని కళాకారిణి వందన అక్కడ మట్టితో పెద్ద పుట్ట కట్టి, వాటి చప్పుడు రికార్డు చేసే మిషన్ లోపల పెట్టింది.

చీకటి పడ్డాక గేటు వేస్తున్న తోటమాలి అఫ్సర్‌కు పుట్టలోంచి తన గొంతే వినిపించింది.

"అర్ఫాత్ దాక్కున్న జాగ పోలీసులకు నేనే చెప్పిన."

ఉద్యమంలో తిరిగిన అతని దోస్తు అర్ఫాత్, పోలీసులు వచ్చిన రాత్రి పారిపోతూ బావిలో పడి చనిపోయాడు. ఈ మాట అఫ్సర్ ఇంతకుముందు వందన ఒక్కదానికే చెప్పుకొని ఏడ్చాడు. ఇప్పుడు గొంతు వినగానే ఆమెకు ఫోన్ చేశాడు.

"ఎవ్వలకు చెప్పనని ఒట్టేసి, నా గొంతు దాంట్ల పెడ్తవా మేడం?"

"నేనేం పెట్టలే భాయ్. మిషన్ పొద్దుగాలనే అండ్లకెల్లి తీసి ఇంటికి తెచ్చుకున్న. గాడ చెదలే ఉన్నయ్."

నమ్మక అతను పుట్టలో చెయ్యి పెట్టి తడిమాడు. మట్టి, చెదలు తప్ప ఏమీ తగల్లేదు.

"గామెకు చెప్పినవ్," అన్నాడు లోపల్నుంచి అర్ఫాత్. "నాకెందుకు చెప్పలే, భాయ్?"