భోజనం తెచ్చినావిడ

టీవీ తెర మీద ఒక ఏనుగు చెవులు విప్పుకుని, దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఇంజన్ ఆపేసి, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఇరవై నిమిషాలు!" అన్నాడు ప్రణీత్.

హాల్లో కూర్చున్న స్నేహితులంతా నవ్వారు.

బోట్స్‌వానా అడవుల్లో పన్నెండు రోజులు, తమ జీపు తామే నడుపుకుంటూ, దాని పైకప్పు మీదే టెంటు వేసుకుని పడుకుంటూ తిరిగొచ్చారు ప్రణీత్, తేజశ్రీ. పెళ్లయిన నాటి నుంచీ అనుకుంటున్న ప్రయాణం. కెనడాలో తాముండే హామిల్టన్‌కి తిరిగొచ్చి పది రోజులైంది. ఆ శనివారం మధ్యాహ్నం ఫోటోలు చూపించడానికి అందరినీ భోజనానికి పిలిచారు.

ఫోటో మారింది. ఇసుకలో సగం కూరుకుపోయిన చక్రం, పక్కనే పార పట్టుకుని తేజశ్రీ.

"నేను తవ్వుతున్నా. సార్ సింహాలు రాకుండా కాపలా అట!" అంది తేజశ్రీ.

"సింహాలు నయం. టెంటు జిప్ పాడైపోయి దోమలే చంపేశాయి" అన్నాడు ప్రణీత్, దుప్పటి భుజాల మీదికి లాక్కుంటూ.

వంటింట్లో ట్రేలు దించుతున్న ఆవిడ చేతులు ఆగాయి.

ఆవిడ పేరు శకుంతల. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిందట. ఆర్డరిస్తే వండి తెస్తుందని ఎవరో నంబరిస్తే, తేజశ్రీ మొదటిసారి చెప్పి చూసింది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

"బాబూ, జ్వరమా?"

"నిన్నటి నుంచి ఆంటీ. చలి, ఒళ్లునొప్పులు. ఫ్లూ అనుకుంటా."

"మలేరియా మాత్రలు వాడారా?"

"అక్కడున్నన్నాళ్లూ వేసుకున్నా. వచ్చాక కూడా వారం వేసుకోమన్నారు గానీ, కడుపులో తిప్పుతోందని మానేశా."

ఆవిడ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. కింది రెప్ప లాగి చూసింది.

"ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆఫ్రికా నుంచి వచ్చామని ముందే చెప్పండి. మలేరియాకి రక్తపరీక్ష చెయ్యమని మీరే అడగండి."

స్నేహితులంతా ప్రణీత్ వైపు తిరిగారు.

"ఇంతమంది ఇంట్లో ఉండగానా?" తేజశ్రీ నవ్వడానికి ప్రయత్నించింది. "అక్కడ ఎనిమిది గంటలు కూర్చోబెడతారు ఆంటీ. సోమవారం వాకిన్ క్లినిక్‌కి వెళ్తాంలెండి."

"సోమవారం దాకా ఆగే జ్వరం కాదమ్మా ఇది."

తేజశ్రీ ఆవిడని మెల్లగా వంటింట్లోకి నడిపించింది.

"ప్లీజ్ ఆంటీ. వచ్చినవాళ్లని భయపెట్టకండి."

ఆవిడ ఇంకేదో చెప్పబోయి, ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"బాబుకెలా ఉందమ్మా?"

"తగ్గింది ఆంటీ. చెమట పట్టి జ్వరం దిగింది."

"అది తగ్గడం కాదు తల్లీ, మళ్లీ వస్తుంది. నేనొస్తాను, ముగ్గురం కలిసి వెళ్దాం."

"అవసరం లేదండీ. మా సంగతి మేం చూసుకుంటాం."

తేజశ్రీ ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం వాన పడుతుండగా తలుపు చప్పుడైంది. తేజశ్రీ తలుపు కంతలోంచి చూసింది. గొడుగు ముడుచుకుని, తడిసిన చెప్పులతో ఆవిడే నిలబడి ఉంది.

లోపల ప్రణీత్ అప్పుడే నిద్రపోయాడు. తేజశ్రీ తలుపు తీయలేదు.

మళ్లీ చప్పుడైంది. మళ్లీ.

పది నిమిషాల తర్వాత కిటికీలోంచి చూస్తే, ఆవిడ బస్‌స్టాపు వైపు నడిచి వెళుతోంది.

సోమవారం తెల్లవారేసరికి ప్రణీత్ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి.

"తేజా, టైర్లలో గాలి తగ్గించు. ముందంతా ఇసుకే."

"ప్రణీత్, మనం ఇంట్లో ఉన్నాం!"

"త్వరగా తేజా, చీకటి పడుతోంది."

అంబులెన్స్ వచ్చింది. ఐసీయూలో డాక్టర్ చక్రధర్ తెలుగువాడే. ఆ రెండు రోజులూ అతను మంచం పక్క నుంచి కదల్లేదు. ఏ మందు ఎప్పుడు ఎక్కిస్తున్నాడో, ఎందుకు ఎక్కిస్తున్నాడో తేజశ్రీకి తెలుగులోనే చెప్పేవాడు.

మంగళవారం సాయంత్రం మాత్రం తల వంచుకుని చెప్పాడు.

"మలేరియా మెదడుకి ఎక్కేసిందండీ. శనివారమే తీసుకొచ్చి ఉంటే..."



బుధవారం ఉదయం ప్రణీత్ పోయాడు.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్ హాల్లో అందరికంటే వెనక, గోడ పక్కన శకుంతల నిలబడి ఉంది. తేజశ్రీ నేరుగా వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మీరని తెలిసే తలుపు తీయలేదాంటీ."

"ఊరుకో తల్లీ." అంది ఆవిడ. "నేనే ఇంకాసేపు నిలబడాల్సింది."

అప్పుడే లోపలికి వచ్చిన డాక్టర్ చక్రధర్ ఆవిడని చూసి ఆగిపోయాడు. మరుక్షణం గబగబా వచ్చి, అందరూ చూస్తుండగా వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు.

"చక్రీ! నువ్వా?" అంది ఆవిడ.

తేజశ్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"డాక్టర్‌గారూ, ఆంటీ మీకు తెలుసా?"

చక్రధర్ లేచి నిలబడ్డాడు.

"ఈ దేశంలో లైసెన్సు లేదు కాబట్టి తన సంగతి చెప్పుకోలేదేమో గానీ, మీ ఆయనకి నేను చేసిన వైద్యమంతా పాడేరు మన్యంలో ఈ డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నదేనండీ."