రోజుకో అక్షరం

“ఇరవై రోజులకి పదిహేను అక్షరాలా?” విజయశ్రీ రూళ్ళ పుస్తకాన్ని నేలకేసి కొట్టింది.

పిల్లలిద్దరూ గోడకి అంటుకుపోయారు. నాగేంద్రకి తొమ్మిదేళ్ళు, అమ్ములుకి ఏడు. వాళ్ళ ముందు గచ్చు మీద చింతపిక్కలతో పేర్చిన ‘అం’ ఉంది. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పిన విజయశ్రీ సరిగ్గా ఆ సున్నా మీదే అడుగేసింది. అరికాలు ఇంకా మండుతోంది. పొద్దుటి నుంచి కరెంటు లేదు. తామ్వే పేటలోని ఆ మూడో అంతస్తు గది ఏప్రిల్ ఎండకి పెనంలా కాలుతోంది.

అత్తగారు అప్పలనరసమ్మ వంటింటి గడపలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

“రోజుకొకటి సెప్తన్నాను గదే,” అంది మెల్లగా.

“శని, ఆదివారాలు అదీ లేదట! సెలవుల్లో మళ్ళీ సెలవులేటి అత్తా?”

ఆవిడ వచ్చి, చెదిరిన పిక్కని మళ్ళీ సున్నాలో పెట్టింది.

“గుడిలో క్లాసుకి పంపుతానంటే నువ్వేటన్నావు? ఫీజు దండగ, బస్సు దండగ, ఇంట్లో నేనే సెప్తానన్నావా లేదా? వీళ్ళ బర్మీస్ స్కూళ్ళు తెరిచేలోగా తెలుగు వాచకం చదివించేస్తానన్నావు.”

“మేం ఖాళీగా లేం మమ్మీ,” నాగేంద్ర ధైర్యం చేశాడు. “బియ్యప్పిండితో రాశాం. తడివేలితో బాల్కనీ గోడ మీద రాసి, ఆరిపోయేలోగా మళ్ళీ రాశాం. ‘ఉ’ వచ్చిన రోజు వంటిల్లంతా వెతికాం. ఉప్పు, ఉల్లిపాయ, ఉలవలు...”

“నోర్ముయ్. నీ పేరు రాయి చూద్దాం.”

వాడు నాన్నమ్మ వైపు చూశాడు. “అడిగాను మమ్మీ. ‘న’ ఇంకా రాలేదంది.”

“విన్నావా అత్తా? వాడి పేరు వాడికి రాయడం రాదు. ఆ ఒక్క అక్షరం ముందు సెప్తే నీ సొమ్మేం పోయింది?”

“వరస తప్పకూడదే...”

“నాన్నమ్మకి టైముండదు మమ్మీ,” అమ్ములు నాన్నమ్మని ఆదుకోబోయింది. “తొమ్మిదింటికి గుడికెళ్తాది. వచ్చేలోపు మమ్మల్ని రెండు పేజీలు రాయమంటాది.”

విజయశ్రీ గొంతు ఒక్కసారిగా లేచింది. “పిల్లల్నొదిలేసి రోజూ గుడికెళ్తన్నావా?”

“ఒక్క గంటే గదా. కిందింటావిడ డా ఖిన్ సూస్తాది.” అప్పలనరసమ్మకీ రోషం వచ్చింది. “నానేటి, కబుర్లు సెప్పుకోడానికెల్తన్నానా?”

“మరెందుకెళ్తన్నావు?”

ఆవిడ వంగి, రూళ్ళ పుస్తకం తీసి దుమ్ము దులిపింది.

“నీ పుణ్యానికి నా పిల్లల సెలవులు బలిపెట్టావు. మా ఆఫీసులో అందరి పిల్లలూ ఏదో ఒక క్లాసులో ఉన్నారు. నేను పంపలేకే గదా నిన్ను నమ్ముకున్నాను. చౌక్తడా ఆఫీసులో పొద్దస్తమానం అందరి మాటలూ పడి, రెండు బస్సులు మారి వస్తాను. ఇంటికొచ్చి చూస్తే ఈ చింతపిక్కలు!”

కాలితో ఒక్క తోపు తోసింది. ‘అం’ చెదిరిపోయి గదంతా దొర్లింది. అమ్ములు ఏడుపు లంకించుకుంది.

“ఏడిచింది చాలు. పదండి. గుడి క్లాసులో వేసేస్తాను. నేను మధ్యాహ్నం తిండి మానేసైనా సరే.”

అప్పలనరసమ్మ గబగబా వచ్చి తలుపుకి అడ్డం నిలబడింది. “సయా కాడికి నువ్వెల్లకే. సోమారం దాకా ఆగు. నాను మాటాడతాను.”

సయా అంటే బర్మీస్‌లో గురువు; ఇక్కడ గుడిలో తెలుగు చెప్పే అచ్చయ్య పంతులు. ఊళ్ళో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

“ఎందుకాగాలి? నువ్వు వెలగబెట్టిన చదువు పదిమందికీ తెలిసిపోతుందనా?”

ముసలావిడ పక్కకి తప్పుకుంది.

గుడి రెండు బస్‌స్టాపుల దూరం. విజయశ్రీ పిల్లల రెక్కలు పట్టుకుని నడిపించేసింది.

“నాన్నమ్మ ఏడుస్తంది మమ్మీ,” అంది అమ్ములు వెనక్కి చూస్తూ.

“ఏడవనీ.”

గుడి వెనక హాల్లో అచ్చయ్య ఒక్కడే పలకలు తుడిచి దొంతర పెడుతున్నాడు. విజయశ్రీ కూర్చోను కూడా లేదు.

“వీళ్ళని చేర్చుకోండి సయా. ఫీజు ఒకేసారి ఇవ్వలేను, రెండు దఫాలుగా ఇస్తాను. ఇంట్లో చెప్తానని మా అత్త ఇరవై రోజులు మట్టిపాలు చేసింది. వాడికి వాడి పేరు కూడా రాదు.”

“ముందు ఏం వచ్చో చూద్దామమ్మా.”

ఆయన చెరో సుద్దముక్క ఇచ్చాడు. పిల్లలు బోర్డు దగ్గరికి వెళ్ళి మొదలుపెట్టారు. ఎక్కడా ఆగలేదు, చెరపలేదు, పక్కవాళ్ళది చూడలేదు. ‘అం’ దాకా గుండ్రంగా, ముత్యాల్లా రాసి ఆగారు.

అచ్చయ్య కళ్ళజోడు సర్దుకుని బోర్డు దగ్గరికి జరిగాడు. ‘ఋ’ మీద వేలు పెట్టాడు.

“ఈ కొమ్ము ఇలా తిప్పమని ఎవరు చెప్పారు నాన్నా?”

“మా నాన్నమ్మ.”

“నాన్నమ్మ పేరు?”

“అప్పలనరసమ్మ,” అంది విజయశ్రీ విసుగ్గా. “ఆవిడ చెప్పింది అంతవరకే సయా. అందుకే కదా మీ దగ్గరికొచ్చాను. చోటుందా, లేదా?”

పంతులు వేలికంటిన సుద్ద దులుపుకున్నాడు.

“చోటుకేం, ఉంది. సోమవారం తొమ్మిదింటికి పంపండి, మీ అత్తగారి పక్కనే కూర్చోబెడతాను. ఆవిడా ఈ సెలవుల్లోనే కదమ్మా, నా దగ్గర అ ఆలు మొదలుపెట్టింది.”