వారానికో మాత్ర

చిట్టెమ్మ దివాన్ మీద కూర్చుని తలుపు వైపే చూస్తోంది. కింద పెట్టెలో, పాత దుప్పట్ల మధ్య ముడుచుకుని కొమురెల్లి ఉన్నాడు.

ఆ కుర్రాడెవరో కాసేపటి క్రితం దాకా ఆమెకు తెలియదు. పొద్దున్నే పరగడుపున ఎముకల మాత్ర మింగి గ్లాసు కింద పెడుతుంటే, యూనివర్సిటీ క్యాంపస్ వైపు టియర్ గ్యాస్ పేలిన చప్పుళ్లు వినిపించాయి. ఆ వెనకే అతను పెరటి గోడ దూకి వచ్చాడు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది.

"అమ్మా, ఇయ్యాల దొరికితే కేసు పెడ్తరు. నా పీహెచ్‌డీ పోతది."

తెలంగాణ వస్తే తార్నాకలో తన ఇల్లు తనకుంటుందా అని రాత్రంతా నిద్రపోని మనిషి, మారుమాట లేకుండా దివాన్ పలక ఎత్తింది. కాలితో గోనెపట్టా లాగి నేల మీది నెత్తురు చుక్కలు కప్పేసింది.

అంతలోనే తలుపు తోసుకుని ఎస్సై రాంచందర్, కానిస్టేబుల్ మొగిలి లోపలికొచ్చారు.

మొగిలి వంటగది చూశాడు. స్నానాలగది చూశాడు. అటక మీద అట్టపెట్టెలు కిందికి లాగాడు. చివరికి దివాన్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, జర లెవ్వు. లోపల చూడాలె."

"లేవకూడదు బాబూ. ఇప్పుడే ఎముకల మాత్ర వేసుకున్నాను. అరగంట దాకా కూర్చున్న చోటు నుంచి కదలొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. కదిలితే గొంతులో పుండు పడుతుందంట."

"గిట్ల గూడ ఉంటదా?" మొగిలి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు.

"లాగకు నాయనా! పోయినేడు బాత్‌రూంలో జారితే ఈ మణికట్టే విరిగింది."

పెట్టెలోంచి సన్నగా దగ్గు. చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తానూ దగ్గడం మొదలుపెట్టింది. ఆపలేదు.

ఎస్సై బల్ల మీది మాత్రల అట్ట తీసి తిప్పి చూశాడు.

"వారానికి ఒక్కటేనా?"

"అవునండి."

ఆమెనూ, అట్టనూ మార్చి మార్చి చూశాడు.

"ఆంధ్రోళ్ల ఇంట్ల వాడెందుకు దాక్కుంటడు మొగిలీ? నువ్వు నడువు, పక్కిల్లు చూద్దం."

మొగిలి గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

గుమ్మం దగ్గర ఎస్సై ఆగాడు. వెనక్కి తిరిగి, లోగొంతుకతో అన్నాడు:

"ఆ గోలి ఏస్కున్నంక పండుకోవద్దంతే, లేచి తిరగొచ్చమ్మా... మా అమ్మ గదే ఏస్కొని వాకిలంత ఊడుస్తది."